బీమా కంపెనీల వేగుకన్ను

మానవుడు తోడి మానవునితో చేసికొను ఒడంబడికలలో బీమా మిక్కిలి విచిత్రమైనది. అంగడిలో బియ్యము కొన్నచో గింజను చేతబట్టి చూచుకొందుము. వస్త్రము కొన్నచో నేతను పరికింతుము. బీమాలో కొనునది వట్టి మాట. ఆపద వచ్చినచో ఇంత ధనమిత్తుమని ఒకరందురు. మా స్థితి యిట్టిది, మేము చెప్పినది సత్యమని రెండవవారందురు. ఇరువురును మాటనే నమ్మవలెను. ఆపద వచ్చిన దినమున ఈ నమ్మకమునకు పరీక్ష కలుగును. సొమ్మడుగువారు సత్యమే చెప్పుచున్నారా? సొమ్మీయవలసినవారు ఏదో నెపమున తప్పించుకొన జూచుచున్నారా? ఈ రెండు సందేహములును బీమాతోడనే పుట్టినవి. వానితోపాటు నిఘాయు పుట్టినది.

బీమా సొమ్ము కోరినవారి వెంట రహస్యముగా మనుష్యులను నడిపించుట, ఇరుగుపొరుగులను విచారించుట, కోరినవారికి తెలియకుండ వారి చిత్రములను తీయుట మున్నగు పద్ధతులు పాశ్చాత్య దేశములలో ఎట్లు పెరిగినవో, న్యాయస్థానములు వాని కెట్టి ఎల్లలు గీచినవో ఈ ప్రసంగమున పరిశీలింతము. ఇందు మోసగాండ్రను పట్టుకొనిన కథలును గలవు, అమాయకులను నొప్పించిన కథలును గలవు. రెంటిని కలిపి చూచినగాని నిజము బోధపడదు.

గ్రీసు దేశమున క్రీస్తు పూర్వము నాల్గవ శతాబ్దిలో నేటి బీమావంటి యేర్పాటొకటి యుండెను. ఓడ వర్తకునకు షావుకారు అప్పిచ్చును. ఓడ క్షేమముగా రేవు చేరినచో అసలుతోపాటు హెచ్చు వడ్డీ చెల్లింపవలెను. ఓడ మునిగినచో అప్పు రద్దగును. అనగా సముద్రపు ప్రమాదమంతయు షావుకారుదే. ప్రసిద్ధ వక్త డెమాస్తనీసు పేర నిలిచియున్న ప్రసంగములలో నొకటి యిట్టి అప్పును గూర్చినదే. సిరాక్యూసు రేవున హెజెస్ట్రాటసు అను ఓడ యజమానియు, జెనోథెమిసు అను నతని తోడివాడును ఓడలోని పరుల ధాన్యమును తమదిగా చూపి అప్పులు తెచ్చి, ఆ ధనమును స్వస్థలమైన మస్సాలియాకు పంపివేసిరట. ఓడ మునిగినచో అప్పు తీర్పనక్కఱలేదు గదా! రేవు విడిచిన రెండు మూడు దినములకు, నడిరేయి హెజెస్ట్రాటసు ఓడ అడుగునకు దిగి గండి కొట్టసాగెను. జెనోథెమిసు పైన ప్రయాణికుల నడుమ ఏమియు నెఱుగనివానివలె నుండెను. చప్పుడు విని ప్రయాణికులు క్రిందికి పరుగెత్తిరి. దొరికిపోయిన హెజెస్ట్రాటసు సముద్రమున దూకి, చీకటిలో పడవ అందక మునిగిపోయెను. ఓడను విడిచిపొండని జెనోథెమిసు నావికులను తొందరపెట్టెను. కాని ధాన్యముపై అప్పిచ్చినవారి పక్షమున ఓడలోనున్న మనుష్యుడొకడు, ఓడను కాపాడినచో గొప్ప బహుమానము లిప్పింతునని వారికి ఆశ చూపెను. ఓడ కెఫలోనియా దీవికి చేరెను.

ఈ కథలో రెండు విశేషములు గలవు. ధనము పెట్టినవారి కన్నొకటి ఓడలోనే యుండి ఓడను కాపాడినది. ఇది మొదటిది. ఇక రెండవది: ఈ వృత్తాంతము ఒక పక్షమువారి వాదముగా మాత్రమే నిలిచినది, జెనోథెమిసు చెప్పిన సమాధానము కాలగర్భమున కలసిపోయినది. పరిశోధకుడు వ్రాసిన నివేదిక మిగులుట, నిందపడినవాని మాట మిగులకపోవుట ఈ చరిత్రయందు మఱల మఱల కనబడును.

ఆధునిక బీమా వ్యాపారము లండను నగరమున ఒక కాఫీ దుకాణములో పెరిగినది. ఎడ్వర్డ్ లాయిడ్ అను నాతడు టవర్ వీథిలో నడిపిన కాఫీ దుకాణమునకు ఓడల కెప్టెనులు, వర్తకులు, ఓడలకు పూచీపడు ధనికులు వచ్చి కూడుచుండిరి. 1691లో ఆ దుకాణము లంబార్డ్ వీథికి మాఱెను. అచ్చట కాఫీకన్న వార్తకు విలువ హెచ్చు. ఏ ఓడ ఏ రేవున దిగినది, ఏది తుపానున చిక్కినది, ఏది శత్రువుల పాలయినది అను సమాచారమే అచ్చటి పెట్టుబడి. 1734 నుండి ఓడల రాకపోకల పట్టిక "లాయిడ్సు లిస్టు" అను పేర అచ్చుపడజొచ్చెను. 1760లో ఓడల దృఢత్వమును పరీక్షించి నమోదు చేయు సంఘమొకటి వెలసెను. 1811లో దేశదేశముల రేవులయందు లాయిడ్సు ఏజెంట్లను నియమించు పద్ధతి ఏర్పడెను. ఓడ మునిగినదని వార్త వచ్చిన తోడనే ఆ ఏజెంటు తీరమునకు పోయి, ఒడ్డున బడిన సరుకును చూచి, నావికులను విచారించి లండనుకు వ్రాయును.

ఈ దశలో నిఘా ఓడల మీదనేగాని మనుష్యుల మీద కాదు. కొయ్యపలక, తెరచాప, సరుకు మూట - ఇవి సాక్ష్యము. వీనిని పరీక్షించినందువలన ఎవని గౌరవమునకును భంగము లేదు.

బీమా వ్యవహారమునకు న్యాయసూత్రమును ఏర్పఱచిన మహనీయుడు ఇంగ్లండు ప్రధాన న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్ ప్రభువు. 1766లో ఆయన విన్న వ్యాజ్యమొకటి మన తూర్పు సముద్రమునకు సంబంధించినది. సుమత్రా దీవిలో ఈస్టిండియా కంపెనీవారికి మార్ల్‌బరో అను కోట యుండెను. ఆ కోట గవర్నరు కార్టరు, కోట పరుల వశమైనచో తనకు ధనమీయవలెనని లండనులో బీమా చేయించెను. 1760లో ఫ్రెంచివారు దానిని పట్టుకొనిరి. కోట బలహీనమని గవర్నరు మాకు ముందుగా చెప్పలేదు కావున సొమ్మీయమని పూచీదారు వాదించెను. బీమా కోరువాడు తన కొక్కనికే తెలిసిన విషయమును దాచరాదని మాన్స్‌ఫీల్డ్ నిర్ణయించెను. అంతటితో నాపక, పూచీదారు తాను తెలిసికొనగలిగిన విషయమును తెలిసికొనక, సొమ్మీయవలసి వచ్చినప్పుడు దానినే నెపముగా చూపరాదని తేల్చి, గవర్నరు పక్షమున తీర్పు చెప్పెను. నిజాయితీ ఇరువైపుల నుండవలెనను ఈ సూత్రము మన ప్రసంగమంతటికిని ఆధారము.

ఆ న్యాయమూర్తి ముందుకే 1783లో మఱియొక వ్యాజ్యము వచ్చెను. అది తలచుకొన్నను ఒడలు గగుర్పొడుచును. "జాంగ్" అను ఓడలో ఆఫ్రికా బానిసలను తీసికొని పోవుచు, 1781 నవంబరు చివర నుండి నావికులు నూటముప్పదిమందికి పైగా ప్రాణులను సముద్రమున పడద్రోసిరి. త్రాగునీరు చాలకపోయినదని చెప్పి, ఓడ యజమానులు తలకు ముప్పది పౌనుల చొప్పున బీమా సొమ్ము కోరిరి. జ్యూరీ వారికే ఇప్పించెను. బీమాదారులు ఊరకుండక మఱల విచారణ కోరిరి. ఓడ దినచర్య పుస్తకము మాయమైనదనియు, చివరి మనుష్యులను త్రోయుటకు ముందే వర్షము కురిసి నీరు దొరకినదనియు బయటపడెను. న్యాయస్థానము పునర్విచారణకు ఉత్తరువిచ్చెను. బీమాదారులు కదలినది దయచేత కాదు, తమ ధనము కొఱకే. అయినను వారి సందేహమువలన ఒక ఘోరము లోకమునకు వెల్లడియైనది. బానిస వ్యాపార నిర్మూలనమునకు పోరాడినవారికి ఆ కథయే ఆయుధమయ్యెను. లెక్కలడుగువాడు లేనిచోట దుర్మార్గము మాటుపడి యుండునని ఈ యుదంతము తెలుపుచున్నది.

ఇక జీవిత బీమా వ్యాపించుటతో నిఘా ఓడరేవు విడిచి మనుష్యుని గడపకు చేరెను. ఏ సంబంధమును లేని పరుల ప్రాణములపై బీమా చేయించి, వారి చావుకై కాచుకొనియుండు దురాచారమును అణచుటకు ఇంగ్లండులో 1774లోనే చట్టము చేసిరి. తన కెట్టి ఆసక్తియు లేని ప్రాణముపై బీమా చెల్లదని ఆ చట్టము శాసించెను. అయినను మోసములు ఆగలేదు. చావు నిజమా, చచ్చినవాడు ఆతడేనా, చంపినదెవరు - ఈ మూడు ప్రశ్నలు కంపెనీల నెదుర్కొనెను. వానికి బదులు వెదకుటకు అమెరికాలో కంపెనీలు ప్రైవేటు అపరాధ పరిశోధకుల నాశ్రయించెను.

ఈ పరిశోధనము ఎంత మేలు చేయగలదో 1894 నాటి ఫిలడెల్ఫియా వృత్తాంతము చూపుచున్నది. బెంజమిన్ పిటెజెల్ అను నాతడు పేలుడువలన మరణించినట్లు కనబడగా, ఫిడెలిటీ మ్యూచువల్ అను కంపెనీ పదివేల డాలర్లు చెల్లించెను. పిమ్మట చెరసాలలోనున్న ఖైదీ యొకడు ఇది ముందుగా పన్నిన పన్నాగమని తెలిపెను. కంపెనీ పింకర్టన్ సంస్థవారిని వెంట నడిపించెను. వారు ఊరినుండి ఊరికి జాడ తీసి, సొమ్ము రాబట్టిన హెచ్. హెచ్. హోమ్సు అను వానిని బోస్టను నగరమున పోలీసులకు పట్టించిరి. పిటెజెలును చంపినది అతడే యని తేలెను. తరువాత ఫ్రాంక్ గేయర్ అను పోలీసు పరిశోధకుడు పూటకూళ్ళ ఇండ్ల పుస్తకములు తిరగవేయుచు, ఇల్లిల్లు విచారించుచు పోయి, మృతుని ముగ్గురు బిడ్డల శవములను టొరంటోలోను, ఇండియానాపొలిసు దగ్గఱను కనుగొనెను. 1896 మే 7వ తేదీన హోమ్సునకు ఉరిశిక్ష అమలైనది. పదివేల డాలర్ల లెక్కను మఱల చూచుటచేత అన్ని హత్యలు వెలికివచ్చినవి.

దీనికి రెండవ ముఖము కాన్సాసు రాష్ట్రమునందలి హిల్మన్ వ్యాజ్యము. జాన్ హిల్మన్ అను నాతడు మూడు కంపెనీలలో కలిపి ఇరువదియైదువేల డాలర్లకు జీవిత బీమా చేయించెను. ఆతని స్థితికి అది పెద్ద మొత్తము. 1879 మార్చి నెలలో ఆతడు బ్రౌన్ అను స్నేహితునితో బండి కట్టుకొని పశువుల మేతభూమి చూచుటకై బయలుదేఱెను. క్రూకెడ్ క్రీక్ అను వాగు దగ్గఱ బండినుండి తుపాకి తీయుచుండగా అది ప్రేలి హిల్మన్ చనిపోయెనని బ్రౌన్ చెప్పెను. శవమును పూడ్చిరి. కంపెనీలవారు దానిని వెలికి తీయించి, లారెన్సు పట్టణమునకు తెప్పించి, ఎత్తు కొలిచి, పండ్లు చూచి, టీకా మచ్చ వెదకిరి. ఇది హిల్మన్ శవము కాదనియు, ఎవరినో చంపి తెచ్చి చూపుచున్నారనియు, హిల్మన్ దాగియున్నాడనియు వాదించిరి. ఆతడు సజీవుడై కనబడునా యని దేశమంతట మనుష్యులను పెట్టి వెదకించిరి. ఆ సమయమున కనబడకుండ పోయిన వాల్టర్సు అను చుట్టల పనివాని పేరు బయటికి వచ్చెను. తాను హిల్మన్ అను వానితో ప్రయాణము పోవుచున్నానని ఆతడు తన ప్రియురాలికి వ్రాసిన లేఖయొకటి కంపెనీల చేతికి చిక్కెను. బ్రౌన్ చేత మోసము నొప్పుకొన్నట్లు కాగితము వ్రాయించిరి. ఆతడు పిదప అది నిజము కాదనెను.

హిల్మన్ భార్య శాలీ ఒంటరిగా వ్యాజ్యము వేసెను. ఆ వ్యాజ్యము ఆఱుమారులు జ్యూరీ యెదుట విచారింపబడెను. రెండుమారులు అమెరికా సుప్రీం కోర్టు వఱకు పోయెను. 1892లో ఆ కోర్టు వాల్టర్సు లేఖను సాక్ష్యముగా గైకొనవచ్చునని తీర్పు చెప్పెను. తాను చేయబోవు పనిని గూర్చి మనుష్యుడు ముందుగా పలికిన మాట ఆతని ఉద్దేశమునకు నిదర్శనమను ఆ సూత్రమును అమెరికా న్యాయవిద్యార్థులు నేటికిని చదువుచున్నారు. 1903లో రెండవమారు సుప్రీం కోర్టు తీర్పు వెలువడుసరికి చావు జరిగి ఇరువదినాలుగేండ్లు కావచ్చెను. తుదకు వ్యవహారము రాజీలతో ముగిసెను.

ఆ శవము ఎవరిది? 2006లో మేరియన్ వెసన్ అను న్యాయశాస్త్రాచార్యురాలు, డెన్నిస్ వాన్ గెర్వెన్ అను మానవశాస్త్రజ్ఞుడు కలిసి లారెన్సులోని ఆ సమాధిని త్రవ్వించిరి. ఎముకలు శిథిలమై జన్యుపరీక్షకు పనికిరాలేదు. ఐతే నాటి శవపు ఛాయాచిత్రమును హిల్మన్, వాల్టర్సుల చిత్రములతో పోల్చి చూచి, ఆ శవము హిల్మనుదేయని వారు అభిప్రాయపడిరి. ఈ మాట సత్యమైనచో ఆ స్త్రీ సత్యమే చెప్పుచు ఇరువదినాలుగేండ్లు అబద్ధములాడునదిగా లోకము దృష్టిలో నిలువవలసి వచ్చినదన్నమాట. ధనము గల పక్షమువారు సందేహమును ఎంతకాలమైనను పోషింపగలరు. ధనము లేని పక్షమునకు ఒక్కొక్క ఏడును భారమే.

చావు సంగతి ఇట్లుండగా గాయముల సంగతి మఱింత చిక్కైనది. చచ్చినవాడు చచ్చెనా లేదా యని తేల్చుటకు శవమైన నుండును. నొప్పికి ఆకారము లేదు. ఇంగ్లండులో రైళ్ళు నడచిన పిమ్మట ప్రమాదములలో పైకి గాయము కనబడకున్నను, నడుము నొప్పి, నిద్రలేమి, వణకు అని చెప్పువారు పలువురు పరిహారము కోరసాగిరి. 1866లో జాన్ ఎరిక్‌సన్ అను శస్త్రవైద్యుడు, ఇది వెన్నుపూసలోని నరములకు తగిలిన దెబ్బవలన కలుగు నిజమైన వ్యాధియని ఒక గ్రంథము వ్రాసెను. 1883లో హెర్బర్ట్ పేజ్ అను వైద్యుడు, ఆ బాధలు పెక్కు భయమువలన కలిగినవేయని దానిని ఖండించెను. పేజ్ ఒక రైల్వే కంపెనీకి వైద్యుడు. ఇరువురును విద్వాంసులే, ఇరువురును రోగులను చూచినవారే. వైద్యులే ఇట్లు విభేదించునప్పుడు కంపెనీలు చేయునదేమి? మనుష్యుడు వైద్యుని యెదుట లేనప్పుడు ఎట్లు నడచుచున్నాడో చూడదలచిరి. 1884లో జర్మనీలోను, 1897లో ఇంగ్లండులోను కార్మికుల ప్రమాద పరిహార చట్టములు వచ్చిన తరువాత ఇట్టి క్లెయిముల సంఖ్య మిక్కుటమై, ఈ చూపునకు పని పెరిగెను.

ఆ పద్ధతులు ఇట్టివి. మొదట ఇరుగుపొరుగుల విచారణ: ఈయన ఉదయమున ఎన్ని గంటలకు బయటికి వచ్చును, బరువు లెత్తుచున్నాడా, తోటపని చేయుచున్నాడా యని పాలవానిని, దుకాణదారుని అడుగుట. తరువాత మాఱువేషము: ఏదో వస్తువు నమ్మువానివలెనో, ఇల్లు అద్దెకు వెదకువానివలెనో వచ్చి మాట కలుపుట. మన కౌటిల్యుడు అర్థశాస్త్రమున గృహస్థు వేషమున, వర్తకుని వేషమున, తాపసుని వేషమున తిరుగు గూఢపురుషులను వర్ణించియున్నాడు. రాజులు రాజ్యరక్షణకై వాడిన ఆ విద్యను కంపెనీలు ఖాతా పుస్తకముల రక్షణకై వాడినవి. మూడవది మాటువేయుట: ఇంటి యెదుట వీథిలో బండి నిలిపి, అందు కూర్చుండి, రాకపోకలను గంటలు, నిమిషములతో వ్రాసికొనుట. నాల్గవది వెంట నడచుట.

1923లో కొడాక్ సంస్థవారు 16 మిల్లీమీటర్ల ఫిల్మును తెచ్చుటతో చలనచిత్ర యంత్రము సామాన్యుల చేతికందునంత చిన్నదయ్యెను. పరిశోధకుడు చెప్పిన మాటను న్యాయస్థానము శంకింపవచ్చును. తెరపై కదలు బొమ్మను శంకించుట కష్టము. నడుము వంగదన్న మనుష్యుడు వంగి చక్రము బిగించుట తెరమీద కనబడినచో జ్యూరీకి వేఱు సాక్ష్యమెందుకు? ఇట్లు నిజముగనే మోసగించువారు పెక్కుమంది పట్టువడిరి. కాని చిత్రము చూపునది ఆ కొద్ది నిమిషములనే. ఆ ఉదయము మూట యెత్తినవాడు సాయంకాలము మంచము పట్టి మూలిగినచో అది చిత్రమునకెక్కదు. నొప్పి గల మనుష్యుడు నాలుగు దినములు పడియుండి, ఐదవ దినమున ఓపిక తెచ్చుకొని బిడ్డ నెత్తుకొనును; పరిశోధకుడు పంపునది ఐదవ దినపు చిత్రమునే. చిత్రము అబద్ధమాడదు, నిజమే, కాని అది అంతయు చెప్పదు. కావుననే వివేకవంతులైన న్యాయమూర్తులు తీసిన ఫిల్ము నంతటిని, తీసిన కాలముతో సహా చూపుడని అడుగుదురు.

ఈ విద్య హద్దు మీఱినప్పుడు న్యాయస్థానములు కలుగజేసికొనెను. 1956లో లూసియానా రాష్ట్రమున పరిహారము కోరినవారి ఇంటి ఆవరణలో పరిశోధకులు చొరబడి కిటికీలలో తొంగిచూచిరన్న వ్యాజ్యము రాగా, అది వ్యక్తి యేకాంతమునకు భంగమగునని కోర్టు తీర్పు చెప్పెను. 1963లో జార్జియా రాష్ట్రమున ఒక స్త్రీ వెంట పరిశోధకులు విడువక తిరిగి, ఆమె ఇంటి కంచెచెట్లలో రంధ్రము చేసి చూచిరి. ఈమె ఏదో నేరము చేసినది కాబోలునని పొరుగువారు అనుకొనునంతగా ఆ వెంటబడుట సాగెను. అచ్చటి కోర్టు ఆమె వ్యాజ్యమును నిలిపెను. ఆ యేడే పెన్సిల్వేనియా సుప్రీం కోర్టు, కారు ప్రమాదమున గాయపడిన స్త్రీని బహిరంగ వీథులలో వెంబడించి చిత్రము తీయుట తప్పు కాదని నిర్ణయించెను. పరిహారము కోరువారు తమ మాటను పరులు పరీక్షింతురని ఎఱిగి యుండవలెననియు, అబద్ధపు క్లెయిములను బయటపెట్టుట సమాజమునకు మేలనియు ఆ కోర్టు తలచెను. ఈ మూడు తీర్పులను కలిపి చదివినచో గీత స్పష్టముగా కనబడును. వీథి అందఱిది, గడప దాటినచో అది ఇంటివారిది.

కంటితో చూచు నిఘాతోపాటు కాగితపు నిఘాయు పెరిగెను. 1899లో అట్లాంటా నగరమున స్థాపింపబడిన రిటైల్ క్రెడిట్ కంపెనీ బీమా సంస్థల కొఱకు వ్యక్తుల అలవాట్లను గూర్చి నివేదికలు సేకరించుచుండెను. మనుష్యుడు త్రాగునా, సంసారము సవ్యముగా నున్నదా యని పొరుగువారిని అడిగి వ్రాసిన మాటలు ఆ నివేదికలకెక్కెను. తన్ను గూర్చి ఏమి వ్రాసిరో ఆ మనుష్యునికి తెలియదు. 1970లో అమెరికాలో చేసిన చట్టము, అట్టి నివేదికలలో తప్పులున్నచో దిద్దించుకొను హక్కును ప్రజలకిచ్చెను.

మన కాలమున యంత్రములు మాఱినవి. జేబులోని ఫోను, వాహనము జాడ తెలుపు సాధనము, ఎవరికి వారే లోకమునకు చూపుకొను ఛాయాచిత్రములు - ఇవన్నియు పరిశోధకునికి దొరకుచున్నవి. బండిలో కూర్చుండి చలికి వణకుచు కాచుకొనవలసిన పని తగ్గినది. ఐనను ప్రశ్న పాతదే. స్విట్జర్లాండు దేశమున 1995లో మోటారుసైకిలు తగిలి గాయపడిన స్త్రీ వెంట బీమా సంస్థవారు పరిశోధకులను నడిపించి రహస్యముగా చిత్రములు తీయించిరి. 2016 అక్టోబరు 18వ తేదీన యూరోపు మానవహక్కుల న్యాయస్థానము, అట్టి నిఘాకు ఆ దేశపు చట్టములో స్పష్టమైన ఆధారము లేదు కావున ఆమె యేకాంత హక్కునకు భంగము కలిగినదని తీర్పు చెప్పెను. పిమ్మట స్విస్ ప్రభుత్వము సాంఘిక బీమా నిఘాకు ప్రత్యేక చట్టము చేసెను. కొందఱు పౌరులు దానికి ప్రజాభిప్రాయము కోరిరి. 2018 నవంబరు 25వ తేదీన ఓట్లు వేసినవారిలో నూటికి అఱువదినలుగురకు పైగా చట్టమునే సమర్థించిరి. ఆ చట్టము ప్రకారము ఆఱు నెలలలో ఇరువది దినములకు మించి గమనింపరాదు. వాహనముల జాడ తీయు సాధనము వాడవలెనన్నచో న్యాయస్థానపు అనుమతి కావలెను. నిఘా ముగిసిన తరువాత ఆ సంగతి ఆ మనుష్యునికి తెలుపవలెను. ప్రజలు నిఘా వలదనలేదు. లెక్కలేని నిఘా వలదనిరి.

ఇక మన దేశమునకు వత్తము. 1818లో కలకత్తాలో ఓరియెంటల్ లైఫ్ ఇన్సూరెన్సు కంపెనీ వెలసినది మొదలు మన దేశమున జీవిత బీమా వేరూనెను. మన తెలుగునాట 1925లో మచిలీపట్టణమున డాక్టరు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పిరి. 1938 బీమా చట్టములోని 45వ విభాగము ఈ ప్రసంగమునకు మిక్కిలి ముఖ్యమైనది. పాలసీ తీసికొని రెండేండ్లు గడచిన తరువాత, బుద్ధిపూర్వకమైన వంచనను ఋజువు చేసినగాని, దరఖాస్తులో తప్పు వ్రాసినారని కంపెనీ పాలసీని కాదనరాదని అది కట్టడి చేసెను. 1956లో ప్రభుత్వము 245 బీమా సంస్థలను, ప్రావిడెంటు సంఘములను కలిపి జీవిత బీమా కార్పొరేషనును ఏర్పఱచెను. 1968లో చేసిన సవరణ ఆస్తినష్టములను అంచనా కట్టు సర్వేయర్లకు లైసెన్సు ఉండవలెనని నిర్ణయించెను. 2015లో 45వ విభాగమును సవరించి, గడువును మూడేండ్లు చేసి, ఆ పిమ్మట ఏ కారణముచేతను పాలసీని ప్రశ్నింపరాదనిరి. అనగా పరిశోధింపదలచినవారు సకాలమున పరిశోధింపవలెను. ఇంటి పెద్ద పోయిన పిదప ఆతని భార్యను నిలువబెట్టి పదేండ్లనాటి దరఖాస్తును తిరగవేయరాదు. 1766లో మాన్స్‌ఫీల్డ్ ప్రభువు చెప్పిన న్యాయమే మన శాసనమున ఈ రూపము దాల్చినదని భావింపవచ్చును. 2017 ఆగస్టు 24వ తేదీన మన సుప్రీం కోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు కూడి, వ్యక్తి యేకాంతము రాజ్యాంగము కాపాడు ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా నిర్ణయించిరి.

ఈ చరిత్రమంతయు చూచిన తరువాత మాకు తోచినది ఇది. నిఘా లేనిచో బీమా నిలువదు. మోసగాని జేబులోనికి పోవు ప్రతి రూపాయియు నిజాయితీగా ప్రీమియము కట్టు సంసారి జేబునుండి వచ్చినదే. హోమ్సువంటివాడు దొరకినది ఎవరో లెక్కను మఱల చూచినందుననే. కాని నిఘా చేయువారు న్యాయమూర్తులు కారు. ఇరుపక్షములలో నొక పక్షమునకు జీతగాండ్రు. వారు చూచినది సాక్ష్యము కావచ్చునుగాని తీర్పు కాజాలదు. దానిని కోరినవారికి చూపి, వారి సమాధానమును విని, ఆ పిమ్మటనే నిర్ణయింపవలెను.

పాలసీ తీసికొను గృహస్థులు ఇందునుండి గ్రహింపదగినది కొంత కలదు. దరఖాస్తును ఏజెంటు చేతికి వదలక స్వయముగా చదివి, పూర్వపు జబ్బులను దాచక వ్రాసి, దాని ప్రతి నొకటి ఇంట భద్రపఱచవలెను. పాలసీ యున్న సంగతిని ఇంటివారికి తెలుపవలెను. క్లెయిమును నిరాకరించినచో కారణమును వ్రాతమూలముగా అడుగవలెను. పొరుగింటివారిని గూర్చి ఎవరైన వచ్చి విచారించినప్పుడు, విన్నది విడిచి, కన్నది మాత్రమే చెప్పవలెను. మనము ఊసుపోక పలికిన మాట ఒక కుటుంబపు కూటికి అడ్డము రావచ్చును.